కాలినడక యాత్రలో తువ్వాలు – తెలిసి వాడితే మేలు

మహానంది, అహోబిలం, శ్రీశైలం అనగానే మన ప్రాంతంలో కాలినడకన వెళ్ళే జనం గుర్తుకు వస్తారు. కార్తీక మాసంలో మహానంది చుట్టూ ఉన్న నవనందులను దర్శించుకొనేవారు ఉంటారు. ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం చేరి కొండల్లో, వాగుల్లో నడిచేవారు ఉంటారు. మహాశివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం వెళ్ళేవారి సంగతి చెప్పనక్కరలేదు. కర్ణాటక నుండి రోజుల తరబడి నడిచి వచ్చే భక్తులు ఆత్మకూరు దాటి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో నడిచి కొండ ఎక్కుతారు. మన క్రైస్తవులలో కూడా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే గుణదల మాత ఉత్సవాలకు, ఆగస్టు చివర మొదలయ్యే వేళాంగణ్ణి ఉత్సవాలకు మొక్కుకొని నడిచి వెళ్ళేవారు ఉన్నారు.

ఏ యాత్రకు వెళ్ళినా, ఏ మతం వారైనా, వారి ఒంటి మీద ఒక వస్తువు తప్పకుండా ఉంటుంది. అదే తువ్వాలు. కొందరు టవాలు అంటారు, కొందరు తుండుగుడ్డ అంటారు, కొందరు కండువా అంటారు. ఆడవారికి చున్నీ, చీర కొంగు ఆ పని చేస్తాయి. బరువు లేదు, ఖర్చు లేదు. తలకు చుట్టుకోవచ్చు, చెమట తుడుచుకోవచ్చు, పరచుకొని పడుకోవచ్చు, మూట కట్టుకోవచ్చు, చుట్టకుదురు చేసి తల మీద బరువు పెట్టుకోవచ్చు. ఆపద సమయంలో అదే ప్రథమ చికిత్స సామాను అవుతుంది. అయితే తెలియక వాడితే అదే తువ్వాలు ప్రాణం మీదికి కూడా తెస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎటువంటి తువ్వాలు మంచిది?

పలుచని నూలు తువ్వాలు అన్నిటికంటే మంచిది. నూలు బట్ట చెమటను, నీటిని పీల్చుకొంటుంది, గాలి తగిలితే త్వరగా ఆరుతుంది. పాలిస్టర్ బట్ట నీటిని సరిగా పీల్చుకోదు, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకొంటుంది. దారిలో రాళ్ళ పొయ్యి మీద వంట చేసుకొనేవారు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. మందంగా దూది పొంగినట్లు ఉండే స్నానపు టవళ్ళు నడకకు పనికిరావు. తడిస్తే బరువెక్కుతాయి, ఆరవు.

సుమారు రెండున్నర అడుగుల వెడల్పు, అయిదు అడుగుల పొడవు ఉంటే చాలు. తెలుపు లేదా లేత రంగు ఎంచుకోండి. లేత రంగు ఎండ వేడిని తక్కువగా పీల్చుకొంటుంది, చీకట్లో వాహనాల వారికి కనబడుతుంది, రక్తం గాని చీము గాని అంటితే వెంటనే తెలుస్తుంది. వీలైతే రెండు పెట్టుకోండి. ఒకటి తలకు, చెమటకు. రెండవది ఉతికి ఆరబెట్టి, శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో ఉంచుకోండి. అది గాయాలకు మాత్రమే.

ఎండలో తువ్వాలు ఎలా పనిచేస్తుంది?

నంద్యాల ఎండలు మీకు తెలియనివి కావు. ఉగాది నాటికే మధ్యాహ్నం బయట నిలబడలేము. మన శరీరం తన వేడిని ముఖ్యంగా చెమట ద్వారా తగ్గించుకొంటుంది. చెమట ఆవిరైపోతూ ఒంట్లోని వేడిని తీసుకొనిపోతుంది. కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇందువల్లనే. తడి తువ్వాలు మెడ మీద, తల మీద వేసుకొంటే చెమట చేసే పనినే అది కూడా చేస్తుంది. మన ప్రాంతంలో ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. సముద్ర తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ తడి బట్ట త్వరగా ఆరదు కనుక అంత చల్లదనం ఇవ్వదు. అక్కడి ఎండలో నడిచేవారు తువ్వాలును నమ్ముకొని కూర్చోక నీడను, విశ్రాంతిని నమ్ముకోవాలి.

తలపాగా చుట్టేటప్పుడు బిగించి కట్టకండి. వదులుగా చుట్టి, ఒక కొస మెడ వెనుకకు వేలాడేటట్లు వదలండి. మెడ వెనుక, చెవులు కూడా కప్పబడాలి. తువ్వాలు ఆరిపోగానే మళ్ళీ తడపండి. మహానంది కోనేరులో నీరు ఏడాది పొడుగునా ఊరుతూనే ఉంటుంది కనుక అక్కడ కొదువ లేదు. అడవి దారిలో మాత్రం తాగే నీటిని తువ్వాలు తడపడానికి ఖర్చు చేయకండి. ముందు గొంతు తడవాలి, తరువాతనే బట్ట.

ఇంకొక మాట. తడి తువ్వాలు ఉన్నది కదా అని మిట్టమధ్యాహ్నం నడవకూడదు. ఉదయం 11 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు నీడన ఆగండి. దాహం వేయకపోయినా గంట గంటకు నీరు తాగండి. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగవచ్చు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి కూడా మంచివే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు నీరు ఎంత తాగవచ్చునో తమ డాక్టరు గారిని ముందుగా అడగాలి.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

నడిచే మనిషికి తలనొప్పి, వాంతి, కాళ్ళ పిక్కలు పట్టడం, విపరీతమైన నీరసం వస్తే అది మొదటి హెచ్చరిక. అప్పుడే నీడకు చేర్చి, నీరు తాగించి, తడి తువ్వాలుతో ఒళ్ళు తుడిస్తే చాలామంది కోలుకొంటారు. ఆ హెచ్చరికను లెక్కచేయక నడిస్తే అసలు వడదెబ్బ తగులుతుంది. ఒళ్ళు కాలిపోతుంది, జ్వరం 104 డిగ్రీలు దాటుతుంది. మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతారు, ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. కొందరికి చెమట ఆగిపోతుంది, కొందరికి పడుతూనే ఉంటుంది. కనుక చెమట పడుతున్నది కదా అని ధైర్యంగా ఉండకండి. మాటలో, తెలివిలో తేడా రావడమే పెద్ద గుర్తు.

ఇది ప్రాణాపాయం. 108 కు ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చోకండి. ఆ సమయంలో చల్లబరచడమే వైద్యం.

1. నీడకు చేర్చి పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి, వీలైనన్ని తీసివేయండి.
2. దగ్గర ఎన్ని నీళ్ళుంటే అన్నీ ఒంటి మీద పోయండి. తువ్వాళ్ళు తడిపి తల, మెడ, చంకలు, గజ్జలు, ఛాతీ మీద వేయండి.
3. ఇంకొక తువ్వాలుతో ఇద్దరు చెరొక కొస పట్టుకొని గట్టిగా విసరండి. తడి ఒంటికి గాలి తగలాలి. పొడి ఒంటికి వేడి గాలి విసిరితే మేలు లేదు.
4. బట్ట వెచ్చబడగానే తీసి మళ్ళీ తడిపి వేయండి. వెచ్చబడిన తడి బట్టను అలాగే కప్పి ఉంచకండి.
5. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

జ్వరం బిళ్ళ వేస్తే వడదెబ్బ తగ్గదు. ఇది క్రిముల వల్ల వచ్చిన జ్వరం కాదు. ఉల్లిపాయ రసం పూయడం, అరికాళ్ళు రుద్దడం వంటి వాటితో సమయం పోగొట్టకండి.

తాగే నీటిని తువ్వాలుతో వడగట్టవచ్చునా?

వడగట్టవచ్చు. కాని అది ఎంతవరకు పనిచేస్తుందో తెలిసి ఉండాలి. మన పెద్దవారికి నారికురుపు జబ్బు గుర్తుండే ఉంటుంది. దిగుడుబావి నీటిలో కంటికి సరిగా కనబడని చిన్న పురుగుల ద్వారా అది కడుపులోకి పోయి, ఏడాది తరువాత కాలిలో నుండి దారం వలె బయటికి వచ్చేది. మన రాష్ట్రంతో సహా దేశంలో ఎన్నో పల్లెలను అది బాధించింది. ఆ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. సన్నని బట్టతో నీరు వడగట్టుకోవడం, దిగుడుబావులలో జనం దిగకుండా చూడడం, బావులలో మందు కలపడం – ఇంతే. మన దేశంలో చివరి రోగి 1996 లో కనబడ్డాడు. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో నారికురుపు లేదని ధ్రువీకరించింది. గుడ్డముక్క చేసిన మేలు అది.

బంగ్లాదేశ్ పల్లెలలో పాత చీర గుడ్డను కనీసం నాలుగు మడతలు వేసి చెరువు నీరు వడగట్టుకొన్న ఇళ్ళలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003 లో పరిశోధకులు వెల్లడించారు. కలరా క్రిములు నీటిలోని చిన్న పురుగులను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ పురుగులు మడతల్లో చిక్కుకొంటాయి. పలుమార్లు ఉతికిన పాత గుడ్డ కొత్త గుడ్డ కంటే బాగా వడగడుతుంది. ఎందుకంటే ఉతికే కొద్దీ నూలు పోగులు మెత్తబడి సందులు చిన్నవి అవుతాయి.

అయినా సగం తగ్గింది అంటే మిగతా సగం మిగిలే ఉన్నదని అర్థం. విడిగా ఉండే క్రిములు, కామెర్లు కలిగించే క్రిములు బట్టలో నుండి సులభంగా పోతాయి. కనుక మొదట నాలుగు మడతల బట్టతో వడగట్టి, తరువాత నీటిని బాగా తెర్లే వరకు కాచాలి. కాచడానికి వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగి తాగాలి. మహానంది కోనేరు నీరు అద్దం వలె తేటగా ఉంటుంది. కాని ఎంత తేటగా ఉన్నా వేలమంది స్నానం చేసే నీరు తాగడానికి తగదు. తేట వేరు, శుభ్రత వేరు. వడగట్టే బట్టతో చెమట తుడుచుకోకూడదని వేరే చెప్పనక్కరలేదు కదా!

దుమ్ముకు, దగ్గుకు

లారీలు పోయే దారిలో ముక్కుకు, నోటికి తువ్వాలు కట్టుకొంటే పెద్ద దుమ్ము లోపలికి పోదు. ఆస్తమా ఉన్నవారికి ఇది కొంత ఉపశమనం. పీల్చే మందు మాత్రం జేబులో ఉండాలి. అయితే సన్నని రాతి పొడిని తువ్వాలు ఆపలేదు. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పుల కుటుంబాలవారు ఇది గమనించాలి. రాయి కోసేటప్పుడు, నున్న చేసేటప్పుడు లేచే పొడి ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకొని నయం కాని జబ్బు తెస్తుంది. వారు నీరు చల్లుతూ పని చేయాలి, ఆ పనికి తగిన మాస్కు పెట్టుకోవాలి.

దగ్గు ఉన్నవారు నోటికి బట్ట అడ్డం పెట్టుకొని దగ్గడం ఎదుటివారికి చేసే మేలు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే యాత్ర తరువాత చూద్దామని వాయిదా వేయకుండా కళ్ళె పరీక్ష చేయించండి.

పాదాలు, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి

నడిచేవారికి పాదాలే వాహనం. ఆగిన ప్రతి చోటా పాదాలు కడిగి, తువ్వాలుతో వేళ్ళ మధ్య తడి లేకుండా తుడవండి. తడి నిలిస్తే ఒరుసుకొని పుండ్లు పడతాయి. నీటి బొబ్బ లేస్తే చిదపకండి. దాని మీద శుభ్రమైన మెత్తని గుడ్డ కట్టి, చెప్పు ఒరుసుకోకుండా చూడండి.

షుగర్ జబ్బు ఉన్న చాలామందికి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోయి ఉంటుంది. ఎండలో తారు రోడ్డు మీద చెప్పులు లేకుండా నడిచి, రెండు అరికాళ్ళు కాలి, ఆ సంగతి సాయంత్రం బట్టకు అంటిన తడి చూసేవరకు తెలియని మనిషిని నేను చూశాను. నొప్పి లేదు కనుక నడుస్తూనే పోయాడు. అటువంటి పుండు మానడానికి నెలలు పడుతుంది, కొందరికి వేళ్ళు, పాదం కూడా తీసివేయవలసి వస్తుంది. కాలికి తువ్వాలు చుట్టుకోవడం చెప్పులకు బదులు కాదు. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారు చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకొంటే గౌరవంగానే, గట్టిగా వారించండి. దేవుడు కాళ్ళు పోగొట్టుకొమ్మని ఎవరినీ అడగడు.

వారు నడిచేటప్పుడు ఇంకొక ప్రమాదం ఉంది. షుగర్ మందు వేసుకొని సరిగా తినకుండా నడిస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, ఆకలి, తల తిరగడం కనబడితే వెంటనే బెల్లం గాని పంచదార గాని పెట్టండి. ఒక చిన్న బెల్లం ముక్కను తువ్వాలు కొసన ముడి వేసి పంపడం పాతకాలపు మంచి అలవాటు. బి.పి. మందులు, నీరు పోవడానికి వేసే బిళ్ళలు వాడేవారికి ఎండ త్వరగా తగులుతుంది. వారు బయలుదేరేముందే డాక్టరు గారి సలహా తీసుకోవాలి.

దెబ్బలు, రక్తం, బెణుకులు

ఎగువ అహోబిలం దారిలో, భీముని కొలను మెట్ల మీద కాలు జారడం మామూలే. రక్తం కారుతుంటే శుభ్రమైన తువ్వాలును మడతపెట్టి గాయం మీదనే గట్టిగా అదిమి పట్టండి. పది నిమిషాల వరకు తీసి చూడకండి. గుడ్డ తడిసిపోతే దాని మీదనే ఇంకొకటి వేసి అదమండి. పసుపు, కాఫీ పొడి, మట్టి వేయవద్దు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి.

చేయి విరిగిందని అనుమానం ఉంటే మోచేయి వంచి, ముంజేతి కింద నుండి తువ్వాలు పోనిచ్చి, రెండు కొసలు మెడ మీద ముడి వేయండి. చేతి వేళ్ళు మోచేతి కంటే కొంచెం పైకి ఉండాలి. ముడి మెడ ఎముక మీద కాకుండా పక్కగా ఉండాలి. కాలు విరిగితే కర్ర గాని గట్టి అట్ట గాని పక్కన పెట్టి, విరిగిన చోటికి పైన, కింద తువ్వాలుతో కట్టండి. కట్టిన తరువాత వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు బిగుసుకొన్నదని అర్థం. వెంటనే వదులు చేయండి.

పాము కరిస్తే తువ్వాలు బిగించి కట్టవద్దు

ఇది ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట. నల్లమల ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఉన్నాయి. పాము కరవగానే మనవారు మొదట చేసే పని భుజం మీది తువ్వాలు తీసి కాటుకు పైన బిగించి కట్టడం. విషం పైకి ఎక్కకూడదని వారి ఉద్దేశం. కాని బిగించి కడితే ఆ కాలికి రక్తం ఆగి కండ చచ్చిపోతుంది. రక్తపింజరి విషం కండను కూడా కుళ్ళబెడుతుంది కనుక ఆ విషమంతా ఒకేచోట నిలిచి ఇంకా చెడుపు చేస్తుంది. పైగా కట్టు కట్టామనే ధైర్యంతో మంత్రగాళ్ళ దగ్గర, పసరు వైద్యుల దగ్గర విలువైన గంటలు పోగొడతారు.

చేయవలసినది ఇది. మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. నడిపించవద్దు. కరిచిన కాలును గాని చేతిని గాని విరిగిన ఎముకకు కట్టినట్లు కర్రతో కలిపి తువ్వాలుతో వదులుగా కట్టి కదలకుండా ఉంచండి. కట్టు కింద వేలు సులభంగా దూరాలి. కాలి మెట్టెలు, ఉంగరాలు, కడియాలు తీసివేయండి. కోయవద్దు, నోటితో పీల్చవద్దు. 108 కు ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఈ ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. కట్లపాము కాటు నిద్రలో తగులుతుంది, నొప్పి, వాపు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కనురెప్పలు వాలిపోవడం, కడుపునొప్పి, మింగలేకపోవడం కనబడితే పామును చూడకపోయినా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. వట్టి నేల మీద తువ్వాలు పరచుకొని పడుకోవడం కంటే దోమతెరను చాప కిందికి దోపి పడుకోవడం పాముల నుండి, దోమల నుండి కూడా రక్షణ.

రోడ్డు మీద, బండి మీద

ఎండకు భయపడి చాలామంది తెల్లవారుజామున చీకట్లో నడుస్తారు. అది మంచిదే. కాని వాహనాలు ఢీకొనే ప్రమాదం అప్పుడే ఎక్కువ. రోడ్డుకు కుడివైపున, వచ్చే వాహనాలకు ఎదురుగా, ఒకరి వెనుక ఒకరు నడవండి. ముందు నడిచేవారు, చివర నడిచేవారు తెల్ల తువ్వాలు ఒంటికి కప్పుకొని, చేతిలో టార్చిలైటు పట్టుకోవాలి.

తిరుగు ప్రయాణంలో మోటారు సైకిలు ఎక్కితే చున్నీ, కండువా, కొంగు గట్టిగా నడుముకు దోపుకోండి. వేలాడే కొస చక్రంలో చుట్టుకొంటే క్షణంలో మెడకు ఉరి పడుతుంది, మెడ ఎముక విరుగుతుంది.

తువ్వాలు శుభ్రత, ఆసుపత్రిలో కూడా

ఒకే తువ్వాలును నలుగురు వాడితే గజ్జి, తామర, కండ్లకలక ఒకరి నుండి ఒకరికి అంటుకొంటాయి. ఎవరిది వారికే ఉండాలి. రోజూ సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. యాత్రలో ఉతకడానికి వీలు లేకపోతే కనీసం విప్పి ఎండలో వేయండి.

రోగికి తోడుగా వార్డులో ఉన్న మీకు కూడా ఇదే మాట. మీ భుజం మీది తువ్వాలుతోనే గ్లాసు తుడవడం, రోగి ముఖం తుడవడం, అదే పరచుకొని నేల మీద పడుకోవడం మేము చూస్తూ ఉంటాము. ఆపరేషన్ కుట్ల మీద ఆ బట్ట తగిలితే చీము పట్టవచ్చు. రోగికి వేరే శుభ్రమైన తువ్వాలు ఉంచండి. జ్వరంలో ఒళ్ళు తుడవమని సిస్టరు చెబితే మామూలు నీళ్ళతో తుడవండి, ఐసు నీళ్ళతో వద్దు.

గుర్తుంచుకోవలసినవి

– నూలు తువ్వాళ్ళు రెండు, లేత రంగువి తీసుకొని వెళ్ళండి.
– ఎండలో తల, మెడ తడి బట్టతో కప్పుకోండి. మధ్యాహ్నం నడవకండి.
– మాట తడబడితే వడదెబ్బ. తడిపి విసరండి, 108 కు ఫోను చేయండి.
– నీరు నాలుగు మడతలతో వడగట్టి, తప్పక కాచి తాగండి.
– షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు.
– పాము కాటుకు బిగించి కట్టరాదు.
– అడవి నుండి వచ్చిన మూడు వారాల లోపల జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి. అడవికి వెళ్ళిన సంగతి డాక్టరు గారికి చెప్పండి.

యేసు ప్రభువు తన శిష్యుల పాదాలు కడగడానికి నడుముకు కట్టుకొన్నది కూడా ఒక తువ్వాలే అని యోహాను సువార్త 13వ అధ్యాయంలో చదువుతాము. దారి దుమ్ము పట్టిన కాళ్ళను కడిగి తుడవడం ఆయనకు చిన్నతనమనిపించలేదు. మీతో నడిచేవారిలో ఎవరైనా అలసి కూర్చొంటే, వారు ఎవరని అడగకుండా మీ తువ్వాలు తడిపి వారి తల మీద వేయండి.